మూడు మాటల మాస్టారు

ఏడో రౌండు ముగిసి గంట మోగేసరికి బాక్సర్ సుత్తి ఎడమ కనుబొమ్మ రెండుగా చీలిపోయింది. తడబడుతూ తన మూలకు వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. నోట్లో నిండిన రక్తం బకెట్లో ఉమ్మితే దాంతోపాటు పన్ను ముక్క కూడా పడింది.

"పక్కటెముకలు. కుడివైపు. కిందికే," అన్నాడు మాస్టారు.

అంతకు మించి ఒక్క మాట కూడా ఆయన నోట్లోంచి ఊడిపడదు. రెండు రౌండ్ల మధ్య ఉండేది ఒక్క నిమిషం. కూర్చోవడానికి, మొహం కడగడానికి, ఊపిరి అందడానికి పోగా, చెవులు పనిచేసేది పది సెకన్లు. తన్నులు తిన్న బుర్రకు ఆ పది సెకన్లలో మూడు మాటలకన్నా ఎక్కవని ఆయన లెక్క. భయపడకు, నీ వెనక నేనున్నాను లాంటివి పెళ్లిళ్లలో చెప్పుకోండి అనేవాడు. అందుకే బాక్సింగ్ జిమ్ముల్లో ఆయనకు మూడు మాటల మాస్టారని పేరు స్థిరపడిపోయింది.

సుత్తి కూడా మాటకారి కాడు. ఆ పేరు అతని కుడిచేతిని చూసి పెట్టిందే గానీ నోటిని చూసి కాదు. ఆ లోటు తీర్చడానికి బామ్మర్ది ఉన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రయినా నోరు కట్టుకోవడం ఇంకా చేతకాని మనిషి. తడి తువ్వాలు గాయం మీద అదుముతూనే అందుకున్నాడు.

"ఏంటి మాస్టారూ ఇది? ఆ కుర్రాడి మొహానికి అడ్డే లేదు. బావ కుడిచెయ్యి ఒక్కటి పడితే లేవడు. మీరేమో ఏడు రౌండ్ల నుంచీ కిందికి కిందికి అంటారు. అవతలివాళ్లతో లాలూచీ ఏమన్నా పడ్డారా?"

మాస్టారు విననట్టే సుత్తి మెడ మీద నీళ్లు పోశాడు. ఈలోగా డాక్టరు తాళ్ల మధ్య నుంచి వంగి, గాయాన్ని వేళ్లతో విడదీసి చూశాడు. సుత్తికి ప్రాణం విలవిల్లాడింది.

"ఇంకొక్క రౌండు. అప్పటికీ రక్తం ఆగకపోతే పోటీ ఆపేస్తాను."

ఆపేస్తే ఓడినట్టే. పగలంతా లారీలకు బస్తాలెత్తి, సాయంత్రాలు దెబ్బలు తిని, పదిహేడేళ్ల తర్వాత సుత్తి ఛాంపియన్ బెల్టు పోటీదాకా వచ్చాడు. మళ్లీ రాడు. గెలిచినా ఓడినా గ్లవ్స్ అటకెక్కిస్తానని భార్యకు మాట ఇచ్చే వచ్చాడు.

"బామ్మర్ది చెప్పేది నిజమే మాస్టారూ," అన్నాడు రొప్పుతూ. "నా కుడిచెయ్యి వస్తుంటే ఆ కుర్రాడు చూడటమే లేదు."

"ఒట్టు వేశావు నువ్వు."

వేసిన మాట నిజమే. అయిదు నెలల క్రితం, ఈ పోటీ ఖాయమైన మర్నాడు, ఎవరూ పిలవకుండానే మాస్టారు సుత్తి ఉండే జిమ్ముకు వచ్చాడు. నేను నేర్పినవాడు నా మాట వినడం మానేశాడు, వినేవాడు కావాలి అన్నాడు. పెట్టిన షరతు ఒక్కటే: తల జోలికి పోకూడదు. తల ఎముక గట్టిది, పిడికిలి పగులుతుంది, కాలేయం మెత్తనిది అని నచ్చజెప్పాడు. సబబుగానే ఉందనుకుని సుత్తి ఒట్టేశాడు.

ఎనిమిదో రౌండు గంట మోగింది. కుర్రాడు కసి మీద ఉన్నాడు. వస్తూనే సుత్తి ముక్కు పగలగొట్టాడు. చీలిన కనుబొమ్మ మీదే మళ్లీ మళ్లీ గుద్దాడు. సుత్తి ఎడమ కంట్లోకి రక్తం దిగి చూపు మసకబారింది. కడుపులో ఒకటి పడితే మోకాళ్లు వంగాయి. తాళ్లకు అతుక్కుపోయి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, వరసగా పదో పన్నెండో తిన్నాడు. జనం ఈలలు వేశారు. డాక్టరు లేచి నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడు కుర్రాడు అలిసి చేతులు దించాడు. ఎడమ చెంప, కణత, దవడ, అన్నీ సుత్తికి జానెడు దూరంలో ఉన్నాయి. చావుబతుకుల్లో ఉన్నవాడికి ఒట్టేమిటి, గట్టేమిటి? కుడి పిడికిలి బిగించి వెనక్కి లాగాడు.

"వద్దు. తల మీద వద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను నాయనా, వద్దు."

మూలలోంచి వచ్చిన ఆ గొంతు ఎవరిదో సుత్తికి ఒక్క క్షణం అర్థం కాలేదు. రింగు దగ్గర అన్ని మాటలు ఆ మనిషి ఒక్కసారే మాట్లాడగా ఎన్నడూ వినలేదు. లేచిన కుడిచెయ్యి దానంతట అదే ఆగిపోయింది. కుర్రాడు ఊపిరి వదిలాడు. సుత్తి కిందికి వంగి, ఒంట్లో మిగిలిన బలమంతా పెట్టి, ఎడమచేత్తో కుడి పక్కటెముకల కింద గుద్దాడు. లోపలేదో విరిగినట్టు చప్పుడయింది. కుర్రాడు రెండడుగులు వెనక్కి వేసి, నోరు తెరిచి, మోకాళ్ల మీద పడి, ముడుచుకుపోయాడు. రెఫరీ పది అంకెలూ లెక్కపెట్టాడు.

హాలు దద్దరిల్లింది. బామ్మర్ది సుత్తిని ఎత్తుకుని గిర్రున తిప్పాడు. నడుముకు బెల్టు కట్టారు. సుత్తి ఏడ్చాడు, సిగ్గుపడకుండా ఏడ్చాడు. కళ్లు తుడుచుకుని చూస్తే మాస్టారు మూలలో లేడు.

"చూశావా బావా, నేను మొత్తుకుంటూనే ఉన్నాను," అన్నాడు బామ్మర్ది. "గెలిచినవాణ్ణి గాలికొదిలేసి అవతలివాడి దగ్గర చేరాడు. నాలుగు అడిగెయ్."

సుత్తికీ ఒళ్లు మండింది. ఒక్క మంచి మాటకు తను నోచుకోలేదా? కాళ్లీడ్చుకుంటూ రింగు అవతలికి నడిచాడు. మాస్టారు నేల మీద కూర్చుని, కుర్రాడి తల ఒళ్లో పెట్టుకుని, వాడి కుడి కన్ను అరచేత్తో మూశాడు. మరో చేతి రెండు వేళ్లను వాడి ఎడమ కంటి ముందు పెట్టాడు.

"ఎన్ని వేళ్లు?"

కుర్రాడు చాలాసేపు చూశాడు.

"రెండు నాన్నా."