నీలం చొక్కా

చూడొద్దని చెప్పకపోయి ఉంటే లైన్‌మన్ చూసేవాడే కాదు.

అత్తగారింటి అటక మీద నుంచి దిగిన తెల్ల ల్యాప్‌టాప్ అది. పెళ్లికి ముందు భార్య డీటీపీ ఆపరేటర్‌గా చేసిన ప్రెస్సువాళ్లు, పాతబడిందని దాన్ని ఆమెకే ఇచ్చేశారు. లోపల ఉన్నది పవర్‌పీసీ అనే పాతకాలపు చిప్పు. తయారుచేసినవాళ్లే దాని సంగతి ఎప్పుడో మర్చిపోయారు. అలాంటి ముసలి యంత్రాల్లో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి మళ్లీ నడిపించడమంటే లైన్‌మన్‌కి ప్రాణం. పనిరోజుల్లో కేబుల్ కంపెనీ స్తంభాలు ఎక్కడం, సెలవొస్తే ఈ పిచ్చి.

"అందులో నా పాత ఫోటోలున్నాయి. వాటి జోలికి మాత్రం వెళ్లకండి," అంది భార్య డ్యూటీకి బయల్దేరుతూ.

"ఏం ఫోటోలు?"

"పెళ్లికి ముందు సంగతి లెండి. ఒకతను ఉండేవాడు. ప్రెస్సు కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని." చెప్పులేసుకుంటూ నవ్వింది. "సాయంత్రం వచ్చి నేనే చూపిస్తా. అందాకా కాస్త ఓపిక పట్టండి."

ఓపికట, ఓపిక! ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, సీడీ లోపలికి తోశాడు. సీడీ అట్ట మీద నారింజరంగు ముక్కు, నారింజరంగు పాదాలతో లినక్స్ పెంగ్విన్ బొమ్మ. 'సి' మీట నొక్కిపట్టి యంత్రాన్ని లేపాడు. ఇంకా ఇన్‌స్టాల్ చెయ్యకుండా, సీడీలోని లినక్స్‌నే నడిపాడు. బూడిదరంగు తెర వచ్చింది. అందులో పాత డిస్కు తలుపు తీసినట్టు తెరుచుకుంది.

ముప్పైకి పైనే ఉన్నాయి ఫోటోలు. అన్నింట్లోనూ ఒక్కడే మగాడు. స్తంభం మీద, వీపు ఇటు తిప్పి. నెత్తిన తెల్ల హెల్మెట్, చేతులకు గ్లౌజులు, ఒంటి మీద ఆకాశనీలం చొక్కా. మొహం ఒక్కదాంట్లోనూ కనపడి చావదు.

ఆ చొక్కా లైన్‌మన్‌కి బాగా తెలుసు. ఎదురు కంపెనీది. ఆ ప్రెస్సు వీధిలో రెండు కంపెనీలూ పోటాపోటీగా తీగలు లాగిన రోజులవి. ఒకరి స్తంభం మీద ఇంకొకరు చెయ్యేస్తే కొట్లాటే. పోయి పోయి వాళ్లలో ఒకడా!

పైగా ప్రతి ఫోటోలోనూ ఆకాశం నారింజరంగులో మెరిసిపోతోంది. అంటే అన్నీ సాయంత్రాలే. పొద్దు వాలాక స్తంభం ఎక్కకూడదని తన కంపెనీలో నియమం. ఎదురువాళ్లకి అలాంటివేం లేవు. మరి ప్రెస్సు మూసే వేళకి కూడా ఇంటికి పోకుండా ఈవిడ కిటికీ పట్టుకుని కూర్చుందన్నమాట.

ఒక ఫోటో పెద్దది చేశాడు. వాడి నడుము సన్నగా ఉంది. తన నడుము తడుముకున్నాడు. పొట్ట తగిలింది. ఇంకో ఫోటో పెద్దది చేశాడు.

"కోతిలా ఎక్కాడు వెధవ," అన్నాడు పైకే.

నిజానికి ఎక్కిన తీరు బాగుంది. పని తెలిసినవాడే. అందుకే మరింత మండింది.

ఇన్‌స్టాల్ మొదలుపెట్టాడు. అంతలో ఫోన్.

"లేచిందా అది?" అంది భార్య.

"లేచింది."

"నా ఫోటోలు భద్రమేనా?"

మొగుడు తిన్నాడో లేదో అడగలేదు. ఫోటోలు భద్రమా అట!

"కొంపదీసి చూశారా?"

"నాకేం పని?"

"జాగ్రత్తండీ. అవి ఇంకెక్కడా లేవు. పోయాయంటే మాత్రం మళ్లీ మీ మొహం చూడను."

వాడెవడని అడుగుదామంటే, చూడలేదని చెప్పేశాడాయె. తేలు కుట్టిన దొంగలా ఫోన్ పెట్టేశాడు.

తెర మీద నలుపులో తెల్ల అక్షరాలు. పాత ఫైళ్లు ఉంచాలా, డిస్కు మొత్తం తుడిచెయ్యాలా? తుడిస్తే తిరిగి రావని కింద హెచ్చరిక. అతని వేలు మీట మీద కాసేపు ఆగింది. సన్న నడుము మళ్లీ కళ్లముందు మెదిలింది. తుడిచెయ్యమని నొక్కేశాడు. ముసలి డిస్కు, దానంతటదే పోయిందంటే సరి. ఎవరు రుజువు చెయ్యొచ్చారు?

ఈలవేసుకుంటూ టీ పెట్టుకున్నాడు. చాలా రోజుల తర్వాత టీ బాగా కుదిరింది.

సాయంత్రం భార్య వచ్చేసరికి కొత్త లినక్స్ నడుస్తోంది. తెర నిండా పెద్ద పెంగ్విన్.

"అబ్బో, బతికించేశారే!" అని దగ్గరికొచ్చి వంగి చూసింది. "ఇదేంటి, దీని ముక్కుకి ఏమైంది?"

ముక్కూ, పాదాలూ ఆకాశనీలంగా ఉన్నాయి.

"అదా?" తెలిసిన విషయం కాబట్టి లైన్‌మన్ కాస్త గొప్పగానే అందుకున్నాడు. "ఈ పాత చిప్పు అంకెల్ని అటునుంచి ఇటు చదువుతుంది. అందుకే లినక్స్‌లో ఒక్కోసారి రంగులు తారుమారవుతాయి. సెట్టింగ్ మార్చేదాకా నారింజరంగు నీలంగా కనపడుతుంది, నీలమేమో నారిం..."

సీడీ అట్ట మీది నారింజ ముక్కునీ, తెర మీది నీలం ముక్కునీ మార్చి మార్చి చూశాడు.

ఆమె అదేం గమనించలేదు. కుర్చీ లాక్కుని అతని భుజానికి ఆనుకుని కూర్చుంది.

"రంగులు తర్వాత దిద్దుకోవచ్చు గానీ ముందు ఆ ఫోటోలు తియ్యండి, నేనెవరో మీకు తెలియని రోజుల్లో, మిట్టమధ్యాహ్నం మీరా నారింజరంగు చొక్కాతో మా కిటికీ ముందు స్తంభం ఎక్కినప్పుడల్లా పని మానేసి తీసుకున్నవి!"