తువ్వాలు కింద ముల్లు

"తొంభై ఎనిమిది," అంది మౌసీ.

ఉమేష్ వంగి చూశాడు. నిజమే. తూకం ముల్లు కదల్లేదు.

"సరిగ్గా చూడు మౌసీ!"

"సరిగ్గానే సూసాను బాబూ. ఇంకో రెండు రౌండ్లు కొట్టు."

రేపే మెడికల్.

జాముల్ దారిలో ఉన్న ఓ ఫౌండ్రీలో ఉమేష్ మూడో నంబరు క్రేన్ నడుపుతాడు. తొంభై ఐదు కిలోలు దాటితే ఇక క్రేన్ ఎక్కనివ్వరు. కింద ఇసుక పనిలో పడేస్తారు.

ఆ రూలు రావడానికి కారణం మరియదాసు. ఎనిమిదేళ్ళ క్రితం అదే క్రేన్ నడుపుతూ పైన కేబిన్‌లో గుండె పట్టుకుని కూలిపోయాడు. నూట పద్దెనిమిది కిలోల మనిషి. నలుగురు కలిసి నిచ్చెన మీదుగా దించేసరికి నలభై నిమిషాలు పట్టింది. అప్పటికే అంతా అయిపోయింది.

రెస్ట్ రూములో అతని ఫోటో ఉంది. దానికి దణ్ణం పెట్టకుండా ఉమేష్ ఏనాడూ డ్యూటీ ఎక్కలేదు.

ఆరు నెలల క్రితం డాక్టరు నూట పన్నెండు అని రాసి, గడువిచ్చాడు. మర్నాడే ఉమేష్ స్మృతి నగర్ పార్కులో నడక మొదలెట్టాడు.

ఇంట్లోకి తూకం మెషీన్ కొంటానంటే భార్య రజని ఒప్పుకోలేదు. "రోజుకి పదిసార్లు దాని మీదే నిలబడతావు. నడిచేదెప్పుడు?" అంది.

అందుకే పార్కు గేటు దగ్గర తూకం మెషీన్‌తో కూర్చునే ముసలామే దిక్కయింది. పిన్ని అన్నట్టు అందరూ ఆమెని మౌసీ అంటారు. ఆమె కూడా మొదటిరోజు నూట పన్నెండే చెప్పింది.

"ఏటి పని బాబూ నీది?"

"క్రేన్. మూడో నంబరు."

ఆమె ఇంకేం అడగలేదు.

మూడు వారాలకి నూట ఎనిమిదికి దిగాడు. ఆ సంతోషంలో పవర్ హౌస్ బజారుకెళ్ళి కచోరీలు, జిలేబీలు లాగించాడు. వారం రోజులు పార్కు మొహం చూడలేదు.

తిరిగొచ్చిన రోజు మౌసీ నవ్వలేదు.

"తగ్గిందంటే సాలు, నీ కాళ్ళు కదలవు," అంది.

అప్పట్నుంచే ముల్లు మొండికేసింది. ఎంత నడిచినా చాలదనేది. అతను ఎక్కి నిలబడ్డాకే ఆమె ముల్లు మీది తువ్వాలు తీసేది. దిగేలోపే మళ్ళీ కప్పేసేది.

"దుమ్ము పడతాది బాబూ," అనేది.

ఈ రోజు తొంభై ఎనిమిది.

"ఆరు నెలలు!" ఉమేష్ గొంతు పెరిగింది. "అన్నం మానేశాను. మోకాళ్ళు అరగదీసుకున్నాను. పొద్దున్నే నీ మొహం చూడబట్టే నాకీ గతి. శనిగొట్టు పనౌతీ!"

నడిచేవాళ్ళు ఆగి చూశారు.

ఉమేష్ కాలితో మెషీన్‌ని తన్నాడు. అది బోర్లా పడింది. గాజు పగిలింది.

"అరే భయ్యా!" వాచ్‌మన్ని పిలిచాడు. "రేపట్నుంచి ఈమెని ఇక్కడ కూర్చోనివ్వకు."

మౌసీ గాజు ముక్కలు తువ్వాల్లోకి ఏరుకుంది.

"కాళ్ళకి గుచ్చుకుంటాది. పక్కకి జరుగు బాబూ." తలెత్తకుండానే అంది. "కోపంగానైనా సరే, ఆ రెండు రౌండ్లూ ఒగ్గేయకు."

ఆ కసితో నాలుగు రౌండ్లు కొట్టాడు.

మర్నాడు ఫౌండ్రీ డాక్టరు మెషీన్ వైపు చూసి, "తొంభై నాలుగు. ఫిట్," అన్నాడు.

ఉమేష్ దిగి, మళ్ళీ ఎక్కాడు. తొంభై నాలుగే.

"సార్, మీ మెషీన్..."

"పొద్దున్నే సరిచూశాం. ఏమయ్యా, తగ్గితే కూడా కంప్లయింటేనా?"

సంతోషం గేటు దాకా నిలిచింది. తర్వాత ఒళ్ళు మండింది. నాలుగు కిలోలు! ఇన్నాళ్ళూ ఆ ముసల్ది తనని మోసం చేసింది.

ఆ మర్నాడు పొద్దున్నే సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని పార్కుకెళ్ళాడు. దాన్ని ఆమె మొహం ముందు ఆడించాలని.

గేటు దగ్గర ఎవరూ లేరు. బెంచీ మీద జగ్గయ్య కూర్చుని ఉన్నాడు. రైల్వేలో రిటైరయి, రోజూ అక్కడే నడిచే పెద్దాయన. ఆయన పక్కన ఆ మెషీన్.

"మౌసీ ఏదీ బాబాయ్?"

"ఎల్లిపోనాది. నిన్న సాయంత్రం నేనే బండెక్కించాను. ఇక చీపురుపల్లిలో సెల్లెలి దగ్గరే ఉంటాదట."

"నేను అరిచాననా?"

"నెల్లాళ్ళ కిందటే ఎల్లాల. టికెట్టు మార్చుకుంటా వచ్చింది. 'ఆ బాబు మెడికల్ అయిపోనీండి' అని."

ఉమేష్ మెషీన్ వైపు వేలు చూపించాడు.

"ఆవిడ మెషీన్ తప్పు బాబాయ్. నాలుగు కిలోలు ఎక్కువ చూపిస్తుంది!"

"నాకెప్పుడూ తప్పు సూపలేదే." జగ్గయ్య మెషీన్ పక్కన ముల్లుని జరిపే చిన్న చక్రం చూపించాడు. "నువ్వు గేటు కాడ కనబడగానే దీన్ని ముందుకి తిప్పీది. నువ్వెల్లాక ఎనక్కి తిప్పీది. తువ్వాలు మరెందుకనుకున్నావు?"

"ఎందుకలా?"

"నేనూ అడిగాను, తప్పు కాదేటమ్మా అని. 'మా ఆయనా దీన్ని తిప్పీవోడు బాబూ, ఎనక్కి. తగ్గిపోనానే అని నాకు సూపించి నవ్వీవోడు. నేను నమ్మీసి ఇంకో ముద్ద ఎట్టీదాన్ని' అంది."

జేబులో సర్టిఫికెట్ ఉమేష్ గుప్పిట్లో నలిగింది.

"ఫోన్ నంబరుందా?"

"ఆమెకి ఫోనెక్కడిది? దీన్ని నీకిమ్మంది. 'సున్నా మీద ఎట్టాను, ఇంక తువ్వాలక్కర్లేదు' అని సెప్పమంది."

పగిలిన గాజు కింద ముల్లు సరిగ్గా సున్నా మీద ఉంది.

ఉమేష్ బెంచీ మీద కూర్చుని, మెషీన్‌ని రెండు చేతులతో ఒళ్ళోకి తీసుకుని, మెల్లగా తిరగేశాడు.

అడుగున తుప్పు పట్టిన రేకు మీద ఎవరో మేకుతో గీసుకున్న అక్షరాలు: మరియదాసు, క్రేన్ నంబర్ మూడు.