చిలుక లేదా హంస

“పెద్దనాయిన పేరు మీద ఒక్క చిలుక గూడ లేదు పెద్దమ్మా” అంది సంఘం ఆఫీసులో పనిచేసే శ్రీలత, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

ఆండాళు కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకుంది. పోచంపల్లిలో చేనేత సంఘం కొత్తగా తెరుస్తున్న దుకాణంలో ఒక్కో చీర పక్కన ఆ డిజైన్ గీసినవాళ్ల పేరు పెడుతున్నారు. జాబితా నాలుగింటికి అచ్చుకు పోతుంది. కంప్యూటర్లో ఫైలు ఉంటేనే పేరు, లేదంటే లేదు. ఆమె భర్త ధర్మయ్య పోయి ఎనిమిది నెలలైంది. ఆయన చిలుకల చీర మాత్రం ఇంకా అమ్ముడుపోతూనే ఉంది.

“ఆరేండ్ల కింద కాయితం పట్టుకొచ్చి ఆయనే ఇచ్చిండు బిడ్డా. ఇచ్చొచ్చిన అని నాతోని చెప్పిండు.”

“తెచ్చినోళ్లు ఏ పేరు చెప్తే గా పేరే ఫైలుకు పెట్టిన్రు. ఏడు వేల ఫైళ్లున్నయి. ఒక్కొక్కటి తెరిచి చూస్తే నెల పడ్తది. అందుకే షరతు రాసి వెతుకుతున్న. చిలుక ఉండాలె, ధర్మయ్య ఉండాలె. రెండూ ఉంటేనే చూపిస్తది.”

అంత దిగులులోనూ ఆండాళుకు నవ్వొచ్చింది. “జర హంస అని గూడ చూడు. ఆయన చిలుకలకు మెడ పొడుగు. హంసలెక్కుంది అంటె రెండు దినాలు మాట్లాడకపోతుండె.”

శ్రీలత నల్లటి తెర మీద ‘లేదా హంస’ అని చేర్చి మీట నొక్కింది. పేర్లు బిలబిలమంటూ తెర నిండా పరుగెత్తాయి. ఊళ్లో ఉన్న అందరి చిలుకలూ వచ్చి వాలాయి.

“గిదేంది? ఆయన పేరు పెట్టినవ్ గద.”

“పెట్టిన. చిలుక, లేదా హంస, ధర్మయ్య. గిట్లనే రాసిన.”

ఆండాళు తెరకేసి చూసింది. రంగులో ముంచే ముందు ముప్పయ్యేళ్లుగా నూలుకు కట్లు కట్టిన చేతులు ఆమెవి. “పక్కనున్న హంసకే ఆయన పేరు కట్టినవ్ బిడ్డా. చిలుక ఇడిగ పోయింది. పోగులన్ని ముందుగాల ఒక్కకాడ పట్టుకోవాలె, ఆ తర్వాత కట్టు వెయ్యాలె.”

శ్రీలత ఆమెను ఎగాదిగా చూసింది. డిగ్రీలో ఇదే తప్పుకు సారు తనకు రెండు మార్కులు కోశాడు. చిలుకనూ హంసనూ కలిపి బ్రాకెట్లో పెట్టింది. మళ్లీ నొక్కింది.

ఏమీ రాలేదు.

మూడున్నర దాటింది. ఆండాళుకు చచ్చిపోయిన మనిషి మీద కోపం వచ్చింది. ఇవ్వకుండానే ఇచ్చానన్నాడా? ఎన్నడూ అబద్ధం ఆడని మనిషి దీనికెందుకు ఆడాడు? ఆ వెంటనే అలా అనుకున్నందుకు ఏడుపొచ్చింది. మగ్గం గుంటలో నడుము విరిగేలా కూర్చున్న మనిషికి చివరికి ఒక పేరైనా మిగలొద్దా?

“పెద్దమ్మా, ఇంక పోదామా?”

“ఆగు. రంగుల ముంచేటప్పుడు మేమేం చేస్తం? రంగు వద్దన్నకాడ కట్టేస్తం. నువ్వు గట్ల చెయ్యరాదు? సంఘంల ఉన్నోళ్లందరి పేర్లు కట్టెయ్. వాళ్లెవ్వరివి కాని చిలుకలు, హంసలు ఏమన్న మిగిలినయేమో చూడు. ఆయన పేరు తప్పు రాసిన్రేమో.”

శ్రీలత సంఘం సభ్యుల రిజిస్టర్ తెరిచింది. అందులోని నలభై ఇద్దరి పేర్లూ వరసగా కొట్టి, మొత్తాన్ని బ్రాకెట్లో పెట్టి, ముందు ‘కాదు’ అని చేర్చింది.

ఒకే ఒక్క ఫైలు మిగిలింది.

తెరిచింది. గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీసిన చిలుకలు జంటలు జంటలుగా కూర్చుని ఉన్నాయి. మెడలు పొడుగు. ఆండాళు వేలు దానంతటదే వెళ్లి ఆ మెడను తాకింది.

“గిదే బిడ్డా. మా ఆయన చెయ్యే గిది.” కళ్లు నీళ్లతో నిండి కింద ఉన్న అక్షరాలు ఆమెకు ఆనలేదు. “పేరేం రాసిన్రు? ఎట్ల తప్పు పడ్డది?”

శ్రీలత చదివింది. మళ్లీ చదివింది.

“తప్పు పడలేదు పెద్దమ్మా. ‘డిజైన్ గీసినవారు: ఆండాళు’ అని రాసి, కింద పెద్దనాయిన సంతకం పెట్టిండు.”