కొంగ వైద్యుడి ముక్కు

వాగు ఒడ్డున ఓ కొంగ వైద్యం చేసేది. ముల్లు లాగాలన్నా, చీము తీయాలన్నా దాని పొడుగాటి ముక్కు తర్వాతే ఎవరైనా. తెల్లారేసరికి జంతువులన్నీ అక్కడ వరస కట్టేవి.

ఓ రోజు లేడి తన కూనను తీసుకొచ్చింది. కాల్లో తుమ్మముల్లు, చిన్నదే. వాళ్ల ముందున్న నక్కకు వీపు మీద కురుపు. కొంగ ఆ కురుపు చీల్చి, చీమంతా తీసి, అదే ముక్కుతో కూన వైపు తిరిగింది.

"అయ్యగారూ, వాగు పక్కనే ఉంది కదా, ఒక్కసారి ముక్కు కడుక్కుంటే..." అని నసిగింది లేడి.

కొంగ రెక్కలు విదిలించింది. "ఒళ్లంతా ఇంత తెల్లగా ఉన్నాను, నాకే శుభ్రం నేర్పుతావా? నీ వెనక ఎంతమంది ఉన్నారో చూశావా?"

"అయ్యగారికే చెప్పొచ్చిందమ్మా, మహా తెలిసినట్టు!" అంది వరసలోంచి అడవిపంది.

లేడి తల దించుకుంది. ముల్లు క్షణంలో వచ్చేసింది. వరసంతా భేష్ అంది.

రెండో రోజుకు కూన కాలు వాచింది. నాలుగో రోజుకు కూన లేదు.

కొన్నాళ్లకు నీళ్లకొచ్చిన లేడికి వాగులో కొంగ కనిపించింది. ముక్కును ఇసకతో తోముతోంది, కడుగుతోంది, మళ్లీ తోముతోంది. పోనీలే, నా బిడ్డ చావు ఇంకో బిడ్డకైనా పనికొచ్చింది అనుకుంది లేడి.

అంతలో గట్టు మీద కొంగపిల్ల ఏడ్చింది. దాని కాల్లో ముల్లు.

"వస్తున్నా నాన్నా, కాలు కదపకు! ఈ ముక్కుతో అలాగే ముట్టుకుంటే ఇంకేమైనా ఉందా?" అంది కొంగ.

లేడి నీళ్లు ముట్టలేదు.

"అయితే తమరికి తెలుసన్నమాట," అంది.