మూడో అంతస్తు వెనక తలుపు

"పద్దెనిమిది మంది బయటికొచ్చారు. ఇంకొకరు తక్కువ. ఎవరది?" ఫైర్ స్టేషన్ ఆఫీసరు అరిచాడు.

బట్టల షాపు యజమాని రోడ్డుకి అవతల నిలబడి, తన షాపు కిటికీల్లోంచి పొర్లుకొస్తున్న నల్లటి పొగను చూస్తున్నాడు. కింద అంతస్తు పోయినట్టే. పిల్లల బట్టలు, దుప్పట్లు, నిన్న దింపిన తువ్వాళ్ల మూటలు, అన్నీ బూడిదే. మొదటి అంతస్తు సరుకు నీళ్లకి తడుస్తుంది తప్ప కాలదు, ఆరబెట్టి ఎంతోకొంతకి వదిలించుకోవచ్చు. షాపు కళ్లెదుటే కాలుతున్నా బుర్ర మాత్రం ఏది పోయింది, ఏది మిగిలింది అని దాని పని అది చేసుకుపోతూనే ఉంది.

"మిమ్మల్నేనండీ! ఎవరు తక్కువ?"

యజమాని గుంపు వైపు చూశాడు. ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోయాడు. బుర్రలో లెక్క అక్కడితో ఆగిపోయింది.

"మా తమ్ముడు సార్. పైన మూడో అంతస్తు గోడౌనులో సరుకు చూస్తున్నాడు."

"ఫోన్ చెయ్యండి."

బిల్లుల కౌంటరు అమ్మాయి ఏడుస్తూ చెయ్యి చాపింది. "చిన్నయ్యగారి ఫోను ఇదిగోండి. చార్జింగు పెట్టమని నాకిచ్చి పైకెళ్లారు."

ఆఫీసరు పళ్లు కొరికాడు. "ముందు మెట్లు మొత్తం పొగ. అటునుంచి మనిషి దిగలేడు. ఇక వెనక ఇనుప మెట్లే దిక్కు. పోయిన నెల నేను తనిఖీకి వచ్చినప్పుడు ఆ మూడో అంతస్తు తలుపుకి లోపల పిడికిలంత తాళం ఉంది. తీసెయ్యమని చెప్పి వెళ్లాను. తీశారా, లేదా?"

"తీశాను సార్."

"అబద్ధం సార్!" సేల్స్‌లో అందరికన్నా పాత మనిషి ముందుకొచ్చింది. పద్నాలుగేళ్లుగా యజమాని ముందు తలెత్తని మనిషి. "పొద్దున సరుకు తేవడానికి వెళ్లి నా కళ్లతో చూశాను. తాళం అలాగే ఉంది. ఈయన్ని మేమంతా తాళాలయ్య అని ఊరికే అంటామా?"

"నువ్వాగవమ్మా!" యజమాని కసిరాడు. ఆఫీసరు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "తీశాను సార్, మా అమ్మ మీద ఒట్టు. మీరు చెప్పిన రోజు సాయంత్రమే తీశాను. తీసి, నొక్కకుండా మళ్లీ గొళ్లేనికి తగిలించాను. చూసేవాళ్లకి వేసినట్టే ఉంటుంది. పట్టుకుని లాగితే చేతిలోకొస్తుంది."

"ఇదేం తెలివండీ?"

"ఆ దారి తెరిచుందని తెలిస్తే నా సరుకు నాకు చెప్పకుండా దిగిపోతుంది సార్. మూసుంచితే మీరొచ్చి షాపుకి సీలు వేస్తారు. రెండువైపులా దెబ్బ తగలకుండా చూసుకున్నాను. నాకూ ఆ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియనివ్వలేదు."

ఆఫీసరు ఏదో అడగబోయినవాడు ఆగి, వెనక్కి తిరిగి కేకేశాడు. "ఇద్దరు వెనక సందులోంచి ఎక్కండి! మూడో అంతస్తు! గునపం తీసుకెళ్లండి!"

వీపున గాలి సిలిండర్లతో ఇద్దరు పరుగెత్తారు.

యజమాని అరుగు మీద కూలబడ్డాడు. గోడౌను నుంచి, పక్కనున్న తన ఆఫీసు గది దాటితే, ఆ తలుపుకి ఇరవై అడుగులు ఉంటుందేమో. తాళం లాగి గొళ్లెం తియ్యడం రెండు క్షణాల పని. ఇనుప మెట్లు ఎంత మెల్లగా దిగినా నిమిషం పట్టదు. ఎటు కూడినా తమ్ముడు ఈపాటికి కిందే ఉండాలి. పొగ పీల్చి వెనక సందులో ఎక్కడో దగ్గుతూ కూర్చునుంటాడు. వాడికి ఎక్కడ కూర్చుంటే అక్కడే లోకం. రానీ, ముందు ఆ ఫోను సంగతి అడగాలి. నలుగురిలో నాలుగు చివాట్లు పెట్టాలి.

"ఒసే, నువ్వెళ్లి వెనక సందులో చూసిరా," అన్నాడు బిల్లుల అమ్మాయితో.

ఆ అమ్మాయి వెళ్లింది. వచ్చింది. తల అడ్డంగా ఊపింది.

"సరిగ్గా చూశావా? టీ బండి దగ్గర?"

"చూశానయ్యా. ఎవరూ రాలేదన్నారు."

పైపుల్లోంచి నీళ్లు గోడల్ని బాదుతున్నాయి. మసి కలిసిన నీరు వాకిట్లోంచి పారుతూ వచ్చి అతని చెప్పుల్ని తడిపింది. కాళ్లు తీసుకోవాలని కూడా తోచలేదు.

చివరికి పైకెళ్లిన ఇద్దరిలో ఒకడు సందు మలుపులో కనిపించాడు. ముఖం మీది మాస్కు తీసి, ఆఫీసరు దగ్గరికొచ్చాడు.

"తలుపు బయటినుంచి గునపంతో ఎత్తాం సార్. ఈయన చెప్పింది నిజమే. తాళం ఊడి నేల మీద పడింది. అసలు నొక్కనే లేదు."

యజమాని ఒక్క ఉదుటున లేచాడు. "విన్నావా?" అన్నాడు పాత సేల్స్ మనిషి వైపు వేలు చూపిస్తూ. "ఇందాక అబద్ధమన్నావే, విన్నావా ఇప్పుడు? విన్నారా సార్?"

ఆమె సందు మలుపు వైపే చూస్తోంది.

"మరి వాడేడి?" అన్నాడు. వేలు ఇంకా గాలిలోనే ఉంది.

ఫైర్‌మ్యాన్ ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు చెప్పమన్నట్టు తలూపాడు.

"ఆ తలుపు దాకా వచ్చారండీ. నేల మీద మసిలో చెప్పుల గుర్తులున్నాయి. అక్కడినుంచి వెనక్కి తిరిగి మీ గదిలోకి వెళ్లారు."

"నా గదిలోకా? నా గదిలో ఏం పని వాడికి?"

"మీ బల్ల సొరుగులన్నీ లాగి నేల మీద బోర్లించి, ఆ తాళంచెవి కోసం వెతుకుతూ వెతుకుతూ అక్కడే పోయారండీ."