సీసాలో సరుకు

“ఇదిగో, మీ ఆయన తాగే విషం! ఎంత ఘాటుదో నువ్వే తేల్చు” అంటూ అన్నయ్య సగం ఖాళీ అయిన సీసాను ప్రయోగశాల బల్లమీద ఠక్కున పెట్టాడు.

ఆమె తలెత్తలేదు. కొలజాడీలో నీటి మట్టం చూసి, దారం కట్టిన లోహపు ముక్కను అందులోకి దించింది. నీళ్లు పైకి జరిగాయి. తేడా చూసుకుని, ముక్కను పైకి తీసి తుడిచి పక్కన పెట్టింది.

“వింటున్నావా? నిన్న మీ ఇంటికొస్తే గుమ్మంలోనే తూలి నామీద పడ్డాడు. జేబులోంచి లాక్కున్నాను. తాగుడు మాన్పించే డాక్టరుతో మాట్లాడితే, ఏం తాగుతున్నాడో కనుక్కోమన్నాడు.”

“ఊఁ.”

“ఊఁ ఏంటే? పాప పోయిన దగ్గర్నుంచీ నీతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే ఉంది. నీ కాపురమే కదా ఇది!”

ఆమె సీసా మూత తీసింది. గుప్పుమని సారా వాసన. లోపల తేటగా, రంగులేని ద్రవం. రుచి చూసే అలవాటు ఆ గదిలో ఎవరికీ లేదు. సాంద్రత కొలిచే చిన్న గాజుసీసాను ముందు ఖాళీగా తూచింది. తర్వాత నిండా పోసి, బిరడా పెట్టి, పొర్లింది తుడిచి మళ్లీ తూచింది.

“సారా నీళ్లకంటే తేలిక. ఎంత తేలికైతే అంత ఘాటు” అంది పాఠం అప్పజెప్పినట్టు.

లెక్క వేసింది. సాంద్రత ఒకటికి వెంట్రుకవాసి తక్కువ. గాజుసీసా కడిగి, ఆరబెట్టి, మళ్లీ నింపి తూచింది. అంతే. చక్కెర కలిపి బరువు పెంచారేమోనని గాజు పళ్లెంలో కాస్త పోసి వేడిచేసింది. మొత్తం ఆవిరైపోయింది. అడుగున మరకైనా మిగల్లేదు.

“ఏం తేలింది?”

“రేపు చెప్తాలే, అన్నయ్యా.”

దీపాలు పెట్టేవేళకు భర్త వచ్చాడు. గోడ పట్టుకుని తూలుతున్నాడు. చొక్కా కంపు కొడుతోంది. రోజూ అయితే ఈపాటికి ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించేది. సిగ్గులేదా అని, నన్నూ చంపేయమని, నోటికొచ్చినట్టు దులిపేసేది. అరిచి అరిచి అలిసిపోయి, అతని ముందు కంచం పెట్టేది.

ఇవాళ ఆమె అరవలేదు. సీసా తెచ్చి అతని ముందు పెట్టింది.

“నీళ్లు” అంది.

అతని తూలుడు ఆగిపోయింది. మెల్లగా గోడ వదిలి, నిటారుగా నిలబడ్డాడు.

“మరి ఈ వాసన?”

“సందు మొదట్లో ఆగి, చొక్కామీద కాస్త సారా చల్లుకుంటాను. ఖాళీ సీసాలో నీళ్లు పట్టి జేబులో పెట్టుకుంటాను.”

“ఒక్క చుక్క కూడా తాగవా?”

“లేదు.”

“ఇన్నాళ్లూ నాచేత అన్ని తిట్లు తిన్నావు. అన్నయ్య ముందు పరువు పోగొట్టుకున్నావు. ఎందుకిదంతా?”

అతను సీసాను పక్కకు జరిపాడు.

“మామూలుగా వస్తే తలుపు తీసి లోపలికెళ్లిపోతావు... తాగొస్తేనే కదా, నువ్వు నాతో మాట్లాడేది!”