పేరుకి నూటయాభై

"ఆ బోర్డు మీద సెయ్యేసేవంటే బాగోదు సావుకారూ!" స్టూలెక్కిన గణపతిరావు పంచె పట్టుకుని కిందికి లాగాడు సూరయ్య.

కొట్టు అమ్మినవాడు గణపతిరావు. కొన్న సూరయ్య నిన్ననే భోగాపురం నుంచి దిగాడు. తాళంచెవులు చేతులు మారి గంటైనా కాలేదు.

"కొట్టు నీదయ్యాక నా పేరెందుకయ్యా నీకు? దింపనీ."

"బాగున్నాది! కొట్టుకీ సరుక్కీ వెయ్యి, పేరుకి నూటయాభై అని పుచ్చుకున్నావు కాదేటి? పేరు పట్టుకుపోతానంటే నా నూటయాభై ఇక్కడెట్టు."

గణపతిరావు స్టూలు దిగి జేబులో చెయ్యి పెట్టాడు. ఇచ్చేద్దామనే అనుకున్నాడు పాపం. దొంగలెక్క కట్టి అసిరయ్య అనే రైతు పొలం రాయించుకున్ననాడు లేని జాలి అది. ఆ దిగులుతోనే అసిరయ్య ఉరేసుకున్నాడు. పసివాళ్ళప్పుడే ఖరగ్‌పూర్ పోయిన అతని కొడుకులు మొన్న ఆమదాలవలసలో రైలు దిగారట. అది విన్నప్పట్నుంచీ గణపతిరావుకి ముద్ద దిగడం లేదు.

"తలుపు మీద ఈ గాటేటి?" సూరయ్య వేలు పెట్టి చూశాడు. పచ్చి గాటు, లోతుగా ఉంది.

"కట్టెలు కొడతంటే తగిలిందిలే."

"అయితే దానికో అయిదు తగ్గించి ఇయ్యాల."

గణపతిరావు బేరమాడకుండా అయిదు తీసిచ్చాడు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి అలా ఇచ్చాడంటే ఎవరికైనా అనుమానం రావాలి. సూరయ్యకి మాత్రం సంబరమొచ్చింది.

"మరి నూటయాభై?"

అయిదంటే ఇచ్చాడు గానీ, నూటయాభై! జేబులోకి మళ్ళీ వెళ్ళిన చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"ఉంచుకో బోర్డు. ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం నీ పేరే సెప్పు సూరయ్యా. నా మాటిను."

"సాల్లే! డబ్బులు పోసి కొన్న పేరు దాసుకుంటానేటి?"

గణపతిరావు గొడుగు చంకనెట్టుకుని విజయనగరం బస్సెక్కేశాడు. వెనక్కి తిరిగి చూడనైనా చూడలేదు.

దీపాలు పెట్టే వేళకి ఇద్దరు కుర్రాళ్ళు కొట్టు ముందు ఆగారు. ఒకడి చంకలో గోనెపట్టాలో చుట్టినదేదో ఉంది. రెండోవాడు తలుపు మీది గాటు తడిమి చూసి, బోర్డు కూడబలుక్కుని చదివాడు.

"గణపతిరావు కొట్టు ఇదేనా?"

"ఇదే. ఏటి కావాల?"

"ఖరగ్‌పూర్ నుంచొచ్చాం. మా అయ్య బాకీ ఒకటుండిపోయినాది. గణపతిరావు సేతికే ఇవ్వాల."

సూరయ్య గుండె ఎగిరి గంతేసింది. పేరుకి పెట్టిన డబ్బు మొదటిరోజే తిరిగొచ్చేస్తోంది! గల్లాపెట్టె ముందు సర్దుకుని కూర్చుని, నవ్వుతూ చెయ్యి చాపాడు.

"గణపతిరావుని నేనే బాబూ. ఇలాగియ్యండి."